ఎర్ర తొట్టి, నీలం తొట్టి

పంపు ఆగిపోయింది. కళ్ళకంటే ముందు చెవులకి తెలిసింది. ఈ గదిలో ఆ గురగుర మధ్యే ఇన్నాళ్ళూ బతికాను, దాని మధ్యే తిన్నాను, దాని మధ్యే టేబుల్ మీద తల పెట్టి కునుకు తీశాను, అది ఉందన్న సంగతే మర్చిపోయాను, ఇప్పుడది లేకపోయేసరికి గదిలోంచి ఎవరో లేచి వెళ్ళిపోయినట్టుంది. లైటు పోయింది, ఫ్యాను పోయింది, తొట్లలో బుడగలు పోయాయి. సెలవురోజు మధ్యాహ్నం, కింద గేటు దగ్గర వాచ్‌మన్ తప్ప భవనంలో నరపురుగు లేదు. తలుపు బార్లా తెరిస్తే వరండాలోంచి కాస్త వెలుగొచ్చింది. టేబుల్ మీద రెండు ప్లాస్టిక్ తొట్లు, ఒకదానికి ఎర్ర చీటీ, ఒకదానికి నీలం చీటీ, రెండిటి నిండా వేలెడంత చేపలు, పట్టాల్సినవాటికి రెట్టింపు. పట్టవని నాకు తెలుసు. రేపు పొద్దున చివరి కొలతలు, అవి కాగానే మీటింగు. పెద్ద తొట్లు ఇవాళే ఖాళీ చేసి కడిగి ఇచ్చెయ్యమని పక్క ప్రాజెక్టువాళ్ళు నా ప్రాణం తోడేశారు, ఒక్క రాత్రికేగా, పంపు ఉందిగా అనుకుని పొద్దున్నే అన్నిటినీ ఈ బుల్లి తొట్లలోకి సర్దేశాను. పంపు ఉందిగా! ఇప్పుడు చూడు.

అన్నిటికన్నా ఒళ్ళు మండే సంగతి ఏమిటంటే, గోడకి అవతల ఫ్రీజర్ గది హాయిగా మూలుగుతోంది. దానికి జనరేటరుంది. అందులో ఏముందని? ఈ చేపల తోకల్లోంచి కత్తిరించిన గోరంత ముక్కలు, బుల్లి గొట్టాల్లో గడ్డకట్టుకుని వరసగా నిలబడి ఉన్నాయి. వాటిలో జన్యువులున్నాయి కాబట్టి వాటికి కరెంటు పోకూడదు. తోకముక్కకి జనరేటరుంది, తోక ఊపుతూ తిరిగే చేపకి లేదు. ఈ మాట ఎన్ని మీటింగుల్లో మొత్తుకున్నాను, ఎవరైనా చెవిన పెట్టారా, పెట్టరు, చచ్చిన ముక్కకి ఉన్న మర్యాద బతికున్నదానికి ఎక్కడుంది ఈ భవనంలో. అక్కణ్ణించి ఒక వైరు లాక్కుందామంటే తాళం ఇన్‌చార్జి దగ్గర, ఇన్‌చార్జి ఊళ్ళో లేడు, ఫోను స్విచ్చాఫ్. బ్యాటరీ పంపు ఒకటుండాలి, ఉండేది, దాన్ని పక్క ప్రాజెక్టువాళ్ళు ఇప్పుడే ఇస్తామని పట్టుకెళ్ళారు. ఆ ఇప్పుడు ఇంతవరకూ రాలేదు.

ఎలక్ట్రీషియన్ మూడోసారికి ఎత్తాడు. "మెయిన్ బోర్డే కొట్టేసిందంట మేడం, వాచ్‌మన్ చెప్పాడు. దారిలోనే ఉన్నా."

"దారిలో అంటే ఎక్కడన్నా?"

"ఇదిగో, బయల్దేరుతున్నా."

"తొందరగా రా అన్నా, చేపలు చచ్చిపోయేలా ఉన్నాయి."

"చేపలు నీళ్ళల్లోనే ఉన్నాయి కదా మేడం?"

ఫోను గోడకేసి కొడదామనిపించింది. నీళ్ళల్లోనే ఉన్నాయి నాయనా, ఆ నీళ్ళల్లో గాలే లేదు, అందరూ ఉన్న గాలంతా పీల్చేశారు, అర్థమయ్యేలా చెప్పడానికి నాకు ఓపిక లేదు. బాత్రూములోంచి మగ్గు తెచ్చాను. ముంచడం, చెయ్యెత్తగలిగినంత పైకెత్తడం, సన్నటి ధారగా వదలడం. పడేటప్పుడు ధార కాస్త గాలిని పట్టుకుని నీళ్ళల్లోకి లాక్కెళుతుంది, అంతే, ఇంత చదువూ చదివి చివరికి నేనే పంపునయ్యాను. కుళాయి నీళ్ళు పొయ్యడానికి లేదు, అందులో క్లోరిన్, నిమిషంలో మొప్పలు కాలిపోతాయి. కిటికీ తెరవడానికి లేదు, గది వేడి మారకూడదని దాన్ని గమ్ముపెట్టి మూసేశారు. ఎర్ర తొట్టికి ఎన్ని మగ్గులో నీలం తొట్టికీ అన్నే. ఎర్రదానికి, నీలందానికి. అది మాత్రం తప్పకూడదు. మాకు బడిపిల్లలకి ఎక్కాల్లా నూరిపోసింది అదే, ఒకదానికి ఏం చేస్తే రెండోదానికీ అదే చెయ్యాలి, ఒకే మేత, ఒకే నీళ్ళు, ఒకే వేడి, ఒకే వెలుతురు, నీ చెయ్యి ఒకవైపు మొగ్గకూడదు, మొగ్గిందా, ఇక ఆ ప్రయోగం ఎందుకూ కొరగాదు.

ఏది ఏ చేపో నాకు తెలీదు. తెలియనివ్వలేదు. ఏరు ఒకటే, మధ్యలో నిట్టనిలువు జలపాతం. పైన రాళ్ళ మధ్య ఉరకలేసే చల్లటి నీళ్ళలో ఉండేవాటిని మేము పైవాళ్ళు అంటాం, కింద తాపీగా పారే నీళ్ళలో ఉండేవాటిని కిందివాళ్ళు. పైవాళ్ళు సన్నంగా, మొద్దు మూతితో, ఒళ్ళంతా నల్లచుక్కలతో ఉంటారు. కిందివాళ్ళు పొట్టలేసుకుని, వెడల్పాటి నోళ్ళతో, చుక్కల్లేకుండా నున్నగా ఉంటారు. పక్కపక్కన పెడితే పసిపిల్లలైనా విడదీస్తారు. ఆ పైకి ఎక్కింది నేను, జారిపడి మోచెయ్యి చీరుకుంది నేను, నడుంలోతు నీళ్ళలో పళ్ళు కొట్టుకుంటూ వల పట్టుకుంది నేను, ఆ చేపలకి ఊపిరాడాలని బండిలో దారంతా సంచి ఊపుకుంటూ వచ్చింది నేను. పైవీ కిందివీ గుడ్లు పెట్టాక మా పరిశోధన గైడు నన్ను బయట నిలబెట్టి, తనే తొట్లలో సర్ది, తనే చీటీలు అంటించాడు. ఎందుకు సార్ అంటే, నువ్వు తేడా వెతకట్లేదమ్మా, తేడా కోరుకుంటున్నావు, కోరుకునే కన్ను కొలవలేదు, అన్నాడు. ఆ మాట నాకిప్పటికీ అరగలేదు. నిజమే కావడం వల్లేమో ఇంకా మండుతుంది.

సరే, కోరుకోకుండా కొలిచాను. మిల్లీమీటర్లు కొలిచే కాలిపర్‌తో, కళ్ళల్లో వత్తులేసుకుని కొలిచాను. మూతి నుంచి కంటికి, కంటి నుంచి మొప్పకి, వీపు ఎత్తు, తోక మొదలు, రెక్కలో ముళ్ళు, పక్కన పొలుసులు, చుక్కలు. అవి పెరుగుతున్నకొద్దీ నా గుండె జారుతూ వచ్చింది. ఎర్రవీ నీలంవీ ఒకేలా పెరిగాయి. అందరికీ పొట్టలొచ్చాయి, అందరి నోళ్ళూ వెడల్పయ్యాయి, చుక్కలు ఎవరికీ రాలేదు. అచ్చు గుద్దినట్టున్నాయి. అంటే ఆ మొద్దు మూతి రక్తంలోది కాదు, ఆ ఉరికే నీళ్ళు చెక్కింది. నిలవనీళ్ళలో పెంచితే అదీ ఇదీ ఒకటే. తోకముక్కల రిపోర్టు ఏమైనా ఆదుకుంటుందా అంటే, దాంట్లో తేడా ఉందంటే ఉంది, లేదంటే లేదు, చూసేవాడి ఓపికని బట్టి. తేడా లేనప్పుడు ఏ చీటీ ఎవరిదైతే నాకేం.

నాకేం అంటే కుదరదు కదా, అక్కడే ఉంది బాధంతా. జలపాతం పైన చేపలు తగ్గిపోతున్నాయి. చేపపిల్లల్ని పెంచే హేచరీ ఆయన దగ్గర కిందివాళ్ళ పిల్లలు కుప్పలుగా ఉన్నాయి, వాటిని పట్టుకెళ్ళి పైన వదిలితే సరి అంటాడు. "ఒకటే చేప అయినప్పుడు ఇన్ని అనుమానాలెందుకమ్మా," అని పోయిన మీటింగులో నవ్వాడు, చెడ్డవాడు కాదు, నిజంగా మంచికే అనుకుంటున్నాడు. ఒకటే చేప అని రేపు నా కాగితం చెబుతుంది. ఎల్లుండి బండ్లు బయల్దేరతాయి. ఒకసారి కలిసి పిల్లలు పెట్టాక ఇక పైవాళ్ళంటూ ఉండరు, పాలల్లో కలిపిన నీళ్ళని ఎవరు తీస్తారు. ఒకటి కాదు, ఒకటి కాదు అని నా మనసు అరుస్తూనే ఉంది, కానీ మనసుని ఏ పట్టికలో ఎక్కించను? ఒక్క కొలత, మిల్లీమీటరు తేడా, ఒక్కటి చూపించండే అని ఈ చేపల్ని బతిమాలాను, తిట్టాను, నిమ్మకు నీరెత్తినట్టు అలా తిరుగుతూనే ఉన్నాయి. ఎర్రదానికి, నీలందానికి. భుజం లాగుతోంది. చెమట కళ్ళల్లోకి కారుతోంది. తల ప్రాణం తోకకొచ్చింది అంటారు, మా గదిలో ఈ మాటంటే ఎవరో ఒకరు నవ్వేవాళ్ళు, ఇప్పుడు నవ్వడానికీ ఎవరూ లేరు.

ఎర్ర తొట్టిలో ఒకటి పైకొచ్చింది. మూతి నీటిపైన పెట్టి, నోరు తెరిచి, మూసి, తెరిచి. ధారకి బెదిరి వచ్చిందేమో అనుకున్నాను. నీలందానికి పోసి మళ్ళీ ఇటు తిరిగేసరికి నాలుగైదు. వెంటనే తొట్టంతా. పైన పొరలో మిగిలిన కాస్త గాలి కోసం అన్ని నోళ్ళూ ఒక్కసారిగా, మొప్పలు తలుపు రెక్కల్లా కొట్టుకుంటూ. నీలం తొట్టి వైపు చూశాను. అడుగున నెమ్మదిగా, గుంపుగా, ఏమీ జరగనట్టే ఉన్నాయి. నీళ్ళు ఒకటే, సంఖ్య ఒకటే, మగ్గులు ఒకటే. ఏదో తప్పు చేశాను, ఎర్రదానికి తక్కువ పోశాను అనుకున్నాను, ముందు నా మీదే అనుమానం, అలవాటు. మళ్ళీ పోశాను, ఈసారి పైకే లెక్కపెట్టుకుంటూ, దీనికెన్నో దానికన్ని, చెయ్యి ఎటూ మొగ్గకుండా.

ఫోను మోగింది. చెల్లి. స్పీకర్లో పెట్టి టేబుల్ మీద పడేశాను.

"అక్కా, నీకోసం ఆగనా, తినేసెయ్యనా?"

"తినేసెయ్. కరెంటు పోయింది, పంపు ఆగింది, మగ్గుతో నీళ్ళు పోస్తున్నా."

"నీ గొంతేంటి అలా ఉంది?"

"ఒక తొట్టిలోవి ఆయాసపడుతున్నాయే, రెండోదాంట్లోవి బానే ఉన్నాయి. రెండిటికీ సమానంగానే పోస్తున్నా, అయినా..."

చెల్లి, నవ్వో కాదో తెలియని గొంతుతో, "సమానంగానా? అచ్చం నాన్నలా ఉన్నావే," అంది.

పెట్టేసింది. లేదా నేనే పెట్టేశానో. నాన్న ఆటల మాస్టారు. పొద్దున్నే మా ఇద్దరినీ లేపి బడి మైదానం చుట్టూ పరిగెత్తించేవాడు. ఇద్దరికీ ఒకే గుడ్డలో కుట్టించిన బట్టలు, ఒకే రంగు బూట్లు, కొత్తవాళ్ళు ఎవరొచ్చినా ఎవరు పెద్ద, ఎవరు చిన్న అని తికమక పడేవాళ్ళు, ఇప్పటికీ ఫోన్లో నన్ను తననీ, తనను నేననీ అనుకుని మాట్లాడేస్తారు. పైకి అంత ఒకటే. రెండో చుట్టుకి చెల్లి ఆగిపోయేది. భుజాలు చెవులదాకా లేచేవి, మెడ దగ్గర గుంట పడేది, నోరు ఇలాగే, సరిగ్గా ఇలాగే, తెరిచి, మూసి, తెరిచి. నేను నాన్న వైపు చూసేదాన్ని. పరిగెత్తమ్మా, నాకు ఇద్దరూ సమానమే, దానికి రెండు చుట్లూ నీకు నాలుగూ అంటే రేపు అది నీకంటే తక్కువని అనుకుంటుంది, అనేవాడు. ప్రేమతోనే అనేవాడు, అందులో పిసరంత అబద్ధం లేదు. అమ్మ ఒకరోజు గడపలో నిలబడి నాన్న మీద ఒంటికాలి మీద లేచింది, నీ సమానం పాడుగానూ, ఆ పిల్లకి ఊపిరాడట్లేదయ్యా అని. ఆస్పత్రిలో ఊపిరితిత్తుల ఫోటో తీసినా ఏమీ కనబడలేదు. ఎత్తూ బరువూ చూస్తే నాకూ తనకీ తేడా లేదు. ఏదో గొట్టంలోకి ఊదమన్నారు, అప్పుడు తెలిసింది ఉబ్బసమని. పెద్దయ్యాక ఒకసారి, ఆయాసం ఎక్కువై కూర్చున్న చెల్లి దగ్గర నేను ఏడుస్తుంటే, జాలి తర్వాత పడుదువుగానీ ముందు ఆ కిటికీ తియ్యవే, అంది.

మగ్గు చేతిలో ఉంది. ఊపిరి. మూతి కాదు, చుక్కలు కాదు, వీపు ఎత్తు కాదు. రెండేళ్ళుగా ఒంటిని కొలుస్తూ కూర్చున్నాను, కాలిపర్‌కి అందే చోటే వెతికాను, ఊపిరి కాలిపర్‌కి అందుతుందా? ఉరికే నీళ్ళల్లో ఎప్పుడూ గాలి పుష్కలం, ఎన్ని తరాలుగానో వాటికి ఊపిరికి కరువు తెలీదు, తక్కువ గాలితో సర్దుకోవడం వాటి రక్తంలోనే లేదు. ఎండాకాలం గుంటల్లో మగ్గిన కిందివాళ్ళకి అది ఉంది. ఎర్ర చీటీ పైవాళ్ళది. నా బుర్రలోనే ఇంకో గొంతు లేచింది, చాలా తాపీగా, మగ్గు పక్కన పెట్టు. రెండిటికీ ఆపెయ్. అదీ సమానమే. ఫోన్లో వీడియో పెట్టి చేతులు కట్టుకుని నిలబడు, ఎర్రవి ఒక్కొక్కటే వెల్లకిలా పడతాయి, నీలంవి తిరుగుతూ ఉంటాయి, అదే రుజువు, రెండేళ్ళలో రానిది ఈ కాసేపట్లో నీ ఒళ్ళో పడుతుంది, రేపు హేచరీ ఆయన నోరు ఎత్తలేడు. తొట్టెడు చేపలు పోతే పోయాయి, ఏరంతా మిగులుతుంది కదా. ఈ గొంతుని నేను తోసిపుచ్చలేకపోయాను, దాని లెక్క సరిగ్గానే ఉంది. ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా. ఎర్ర తొట్టిలో ఒకటి పక్కకి ఒరిగింది. తెల్లటి పొట్ట. తిరిగి నిటారుగా అవ్వాలని తోకతో ఒకసారి, రెండోసారి నీళ్ళని కొట్టింది, కాలేదు.

ఫోను టేబుల్ మీదకి విసిరేసి ఎర్ర తొట్టి మీద పడ్డాను. నీలం తొట్టికి ఇక ఒక్క మగ్గు లేదు. ముంచి, ఎత్తి, వదిలి, ముంచి, ఎత్తి, వదిలి, అవతలిదాని వైపు చూడకుండా. ఏడుపు కూడా వచ్చింది, కోపంతోనే, ఈ భవనం మీద, జనరేటర్ మీద, దారిలో ఉన్నవాడి మీద, నా మీద, ఎర్రదానికి నీలందానికి అని ఇంతసేపు పాటలా పాడుకుంటూ పోసిన ఈ చేతి మీద. ఒరిగిన చేపని ధార కింద పెట్టి పట్టుకున్నాను, మొప్పల్లోకి నీళ్ళు వెళ్ళేలా. చాలాసేపు అది నా వేళ్ళ మధ్య గుడ్డపీలికలా ఉంది. ఆ తర్వాత చిన్నగా కొట్టుకుంది.

మళ్ళీ ఫోను. ఈసారి గైడు.

"వాచ్‌మన్ చెప్పాడమ్మా, కరెంటు పోయిందటగా. ఎలా ఉన్నాయి?"

"మగ్గుతో పోస్తున్నాను సార్."

"మంచిపని. రెండిటికీ ఒకేలా పోస్తున్నావు కదా?"

అవును సార్ అంటే అయిపోయేది. చూసినవాళ్ళు లేరు. రేపు కొలతలుంటాయి, తేడా లేదని తేలుతుంది, నా పట్టా నాకొస్తుంది, బండ్లు పైకి పోతాయి. ఆ రెండు ముక్కలు నాలిక చివరిదాకా వచ్చాయి.

"లేదు సార్. నీలానికి మానేశాను. ఎర్రదానికే పోస్తున్నాను."

"అదేంటి?" గొంతు పెరిగింది. "అంటే రేపటి కొలతలు..."

"పనికిరావు సార్."

"రెండేళ్ళ పనమ్మా అది."

"నాకు తెలీదా సార్, రెండేళ్ళూ కొలిచింది నేనే." అరిచినట్టున్నాను. అరిస్తే అరిచాను. "ఎర్రవన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. ఒకటి పడిపోయింది కూడా. అవి పైవాళ్ళు. అవునా, కాదా?"

"ఊరికే అన్నా సగంసార్లు రైటే అవుతుంది," అన్నాడు, పాఠం చెప్పేటప్పటి గొంతుతో. ఈయన మారడు, లోకం మునిగిపోతున్నా ఈయన మారడు అనుకుంటుంటే, "నీలంవి అసలు రాలేదా?" అని అడిగాడు.

"ఒక్కటీ రాలేదు."

"నువ్వు పొయ్యడం మానేశాక కూడా?"

చూశాను. అప్పటిదాకా భయంతో చూడలేదు. "ఇప్పటికీ రాలేదు సార్. అడుగునే ఉన్నాయి."

అటువైపు కుర్చీ జరిగిన చప్పుడు. నాతో కాదు, తనలో తను అనుకుంటున్నట్టు, "ఎర్ర చీటీ నేనే అంటించాను, పైవాళ్ళ గుడ్లకి," అన్నాడు. మళ్ళీ, "నేను కూడా ఒంటినే కొలిపించాను కదమ్మా నీచేత." నా చెయ్యి ఆడుతూనే ఉంది. "ఈ ఒక్క మధ్యాహ్నం రుజువు కాదు. కానీ కొలతలు పాడయ్యాయంటే రేపు ఎవరూ ఏదీ తేల్చలేరు, బండ్లు ఆగుతాయి. మళ్ళీ గుడ్లు కావాలి. మళ్ళీ పైకెక్కాలి నువ్వు. ఇంకో రెండేళ్ళు."

ఇంకో రెండేళ్ళు. ఆ రాళ్ళు, ఆ చలి, ఆ వల, ఈ కిటికీ తెరుచుకోని గది. గట్టిగా అరవాలనిపించింది, మానుకున్నాను, ఊపిరి దండగ.

"ఎక్కుతాను సార్."

"సరే, నేనొస్తున్నా. ఏమైనా తీసుకురానా? తిన్నావా అసలు?"

"మగ్గు తీసుకురండి సార్," అన్నాను. "పెద్దది."